లక్షలు పోసి చదివించాలా: మా నెట్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి బాలాజీ కాలనీలో మాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్. పదిహేనేళ్ళుగా ఎంసెట్ వెబ్ ఆప్షన్లు (2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్), స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బ్యాంకు లోను ఫారాలు నింపి పెడుతున్నాను. జూన్ వచ్చిందంటే ఆగస్టు దాకా కూర్చోవడానికి ఉండదు. ఫారం నింపడానికి అరగంట పడితే మాటలకు గంటన్నర పడుతుంది. ఆ మాటల్లో పదే పదే వచ్చే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. నేను ప్రొఫెసర్‌ని కాను. ఏ కాలేజీ నుంచీ నాకు కమిషన్ రాదు. ఇస్తామని వచ్చినవాళ్ళు ఉన్నారు, అది వేరే కథ.

ఒక్క ముక్కలో చెప్పన్నా, ఈ రోజుల్లో అంత డబ్బు పెట్టి చదివించొచ్చా?

చదివించండి. అంత డబ్బు పెట్టకండి. నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగాలు ఎట్లా ఉంటాయో నాకూ తెలియదు, ఆ కాలేజీ ఛైర్మన్‌కూ తెలియదు. కానీ అప్పు చేస్తే నెలనెలా ఈఎంఐ మాత్రం తప్పకుండా వస్తుంది. కాలం బాగున్నప్పుడు ఆ భారం తెలియదు. బాగాలేనప్పుడు ఇల్లంతా దానికిందే నలుగుతుంది. అందుకే నేను ముందు కాలేజీ పేరు అడగను, అప్పు ఎంత చేస్తున్నారని అడుగుతాను.

సరే, ఎంత దాకా అప్పు చేయొచ్చు?

పిల్లవాడికి మొదటి ఏడాది ఎంత జీతం వస్తుందని మీరు మనసులో నిజంగా అనుకుంటారో, మొత్తం చదువు అప్పు అంతకు మించకూడదు. ఇది నా కొలత, బ్యాంకు వాళ్ళది కాదు.

లెక్క చూడండి. 10 లక్షల లోను, 10 శాతం వడ్డీ, ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్ళు తీసుకున్నారు. చదివే నాలుగేళ్ళు, ఆపైన ఇంకో ఏడాది కట్టనక్కర్లేదు. "ఐదేళ్ళు ఫ్రీ కదన్నా" అంటారు. ఫ్రీ ఏమీ లేదు, ఆ ఐదేళ్ళూ వడ్డీ రాస్తూనే ఉంటారు. అది మూడున్నర లక్షలు అవుతుంది. కట్టడం మొదలుపెట్టే రోజుకు అప్పు పదమూడున్నర లక్షలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 17,800 రూపాయలు. పదేళ్ళలో కట్టేది 21 లక్షల పైనే.

ఇప్పుడు జీతం వైపు రండి. పెద్ద ఐటీ కంపెనీలు గుంపుగా తీసుకునే కుర్రాళ్ళకు ఇచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల లోపు. టీసీఎస్‌లో అడుగు మెట్టు ప్యాకేజీ 3.36 లక్షలు. పదేళ్ళ కిందటా ఇంచుమించు అంతే. పీఎఫ్ లాంటివి పోను చేతికి నెలకు పాతిక వేల లోపు. బెంగళూరులో పీజీ హాస్టల్, తిండి, బస్సు ఖర్చు పోయాక 17,800 ఎక్కడి నుంచి తేవాలి? నాన్న పాల బిల్లు నుంచే.

అదే లోను 4 లక్షలైతే ఈఎంఐ 7 వేల చిల్లర. జీతం ఆరు నెలలు ఆలస్యమైనా ఇంట్లోవాళ్ళు ఎట్లాగో నెట్టుకొస్తారు.

బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారు? బయట రెండు రూపాయల వడ్డీకి ఇస్తా ఉండారు.

రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. 5 లక్షలు తెస్తే ఒట్టి వడ్డీయే నెలకు 10 వేలు. నాలుగేళ్ళలో 4 లక్షల 80 వేలు పోతుంది, అసలు అట్లాగే కూర్చుని ఉంటుంది. పిల్లల చదువుకు ఇంతకంటే ఖరీదైన డబ్బు లేదు. బ్యాంకు వాళ్ళు ఎంత తిప్పినా, వాళ్ళు తిప్పేది మహా అయితే నెలన్నర.

లోనుకు ఇల్లు, పొలం తాకట్టు పెట్టాలా?

బ్యాంకుల ఉమ్మడి విద్యా రుణ పథకం ప్రకారం 4 లక్షల దాకా మీ వాటాగా ఏమీ పెట్టనక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. తీర్చడానికి 15 ఏళ్ళ దాకా గడువిస్తారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకాన్ని ఆమోదించింది. ర్యాంకింగుల్లో పైనున్న విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు తెచ్చుకున్నవాళ్ళకు తాకట్టు, పూచీ లేకుండా లోను ఇవ్వడం దాని ఉద్దేశం. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. చేరాక చూసుకుని కౌంటర్ దగ్గర తల పట్టుకున్నవాళ్ళను చూశాను.

మామిడి డబ్బు వస్తుంది కదా, అప్పు లేకుండా అట్లాగే కట్టేస్తాం.

2025 జూన్‌లో బంగారుపాళెం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. కొడుక్కి మేనేజ్‌మెంట్ సీటు (కాలేజీ వాళ్ళే నేరుగా ఇచ్చేది) మాట్లాడుకున్నాడు, ఏడాదికి 2 లక్షల 20 వేలు, హాస్టల్ వేరే. చొక్కా జేబులోంచి తూకం చీటీ తీసి, దాని వెనక లెక్క వేస్తున్నాడు. ఆ ఏడాది తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకి 8, ప్రభుత్వం 4, కలిపి 12 రూపాయలని ప్రకటించారు. ఆయన కాయ 20 టన్నులు. ఎనిమిదితో వేస్తే 1 లక్ష 60 వేలు. నాలుగు రూపాయలది ఎప్పుడు పడుతుందో తెలియక ఆ అంకె పక్కన చిన్న సున్నా చుట్టి వదిలేశాడు. దాని కింద కోత కూలి, ట్రాక్టరు బాడుగ, మందుల అంగడి బాకీ రాసుకుంటూ వచ్చాడు. చివరి అంకె వేయకుండానే చీటీ మడిచి జేబులో పెట్టేశాడు. "సామీ, కన్వీనరు దాంట్లోనే యాడన్నా వస్తాదేమో చూడు" అన్నాడు. అంటే ర్యాంకు మీద ప్రభుత్వం తరఫున ఇచ్చే సీటు. చూశాం. పిల్లవాడు అడిగిన బ్రాంచి రాలేదు. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది.

మామిడి, టమాట, పట్టుగూళ్ళు, ఏది నమ్ముకున్నా మన జిల్లాల్లో ఒక ఏడాదికి ఇంకో ఏడాదికి పోలిక ఉండదు. కాలేజీ ఫీజు అట్లా కాదు, ఏటా ఒకే తేదీకి ఒకే అంకె. ఎంత ఫీజైతే కట్టగలరో తేల్చుకునేటప్పుడు మంచి ఏడాది ఆదాయం వేసుకోకండి. మీకు గుర్తున్న అతి చెడ్డ ఏడాది ఆదాయం వేసుకోండి.

కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా: చదువులో తేడా ఏమైనా ఉంటుందా?

ఏమీ ఉండదు. అదే క్లాసు, అదే బెంచీ, అదే సర్టిఫికెట్. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ భర్తీ చేస్తారు, 30 శాతం కాలేజీ చేతిలో ఉంటాయి. కన్వీనర్ ఫీజు కాలేజీని బట్టి ఏడాదికి సుమారు 40 వేల నుంచి లక్ష దాకా. ప్రభుత్వం ఫీజు భరించే పథకం కన్వీనర్ సీటుకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. 2008లో మొదలైనప్పటి నుంచి దాని పేరు చాలాసార్లు మారింది, మనవాళ్ళ నోట్లో మాత్రం ఫీజు రీయింబర్స్‌మెంటే. ఆ డబ్బు ఆలస్యంగా పడటం కూడా అలవాటైపోయింది. "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అని కాలేజీ అడిగే అవకాశం ఉంది కాబట్టి ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోండి.

మేనేజ్‌మెంట్‌లో సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్) 10 లక్షలు ఎక్కువ పెట్టేబదులు, కన్వీనర్‌లో ఇంకో బ్రాంచి తీసుకుని కోడింగ్ పక్కన నేర్చుకోమని చెబుతాను. సగం మంది వినరు. చుట్టాల్లో ఎవరో "సీఎస్ఈ కాకపోతే దండగ" అని ముందే చెప్పి పంపి ఉంటారు.

రోడ్డు మీద హోర్డింగులో "అత్యధిక ప్యాకేజీ" అని లక్షలు వేశారు కదా?

చంద్రగిరి రోడ్డులో పోతే దేవుడి బొమ్మలకంటే ఆ హోర్డింగులే ఎక్కువ కనిపిస్తాయి. అంత పెద్ద ప్యాకేజీ ఆ కాలేజీలో ఎంతమందికి వచ్చింది? ఒక్కరికి. ఆ ఒక్కరు మీ అబ్బాయి కావచ్చు, కాకపోవచ్చు. కాలేజీకి వెళ్ళినప్పుడు నాలుగు విషయాలు అడగండి. ఆఖరి ఏడాదిలో మొత్తం ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది? ఒకే పిల్లకు మూడు ఆఫర్లు వస్తే మూడుగా లెక్కేశారా, ఒకటిగానా? వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం ఎంత? ఆఫర్ లెటర్ వచ్చినవాళ్ళలో నిజంగా ఉద్యోగంలో చేరింది ఎంతమంది?

ఆఖరిది తప్పకుండా అడగండి. 2022 బ్యాచిలో కొందరు ఆఫర్ లెటర్ పట్టుకుని ఏడాది, రెండేళ్ళు ఎదురుచూశారు. మా సెంటర్లో ఒకమ్మాయి వారానికోసారి వచ్చి మెయిల్ తెరిచి చూసుకుని, ఏమీ లేకపోతే పది రూపాయలు ఇచ్చి వెళ్ళేది. కొన్నాళ్ళకు నేను డబ్బులు తీసుకోవడం మానేశాను.

ఇవన్నీ ఆఫీసులో కాకుండా క్యాంటీన్ దగ్గర నాలుగో ఏడాది పిల్లల్ని అడిగితే ఇంకా మంచిది.

ఏఐ వచ్చేసింది, ఐటీలో తీసేస్తున్నారు. ఇంక సీఎస్ఈ ఎందుకు?

తీసేస్తున్న మాట నిజం. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. కొత్త కుర్రాళ్ళకు మొదట ఇచ్చే చిన్న చిన్న పనులే ఏఐ ఎక్కువగా చేసి పెడుతోంది. అందుకని సీఎస్ఈ చదువే దండగ అని నేను అనను. సీఎస్ఈ సీటుకు ఎక్కువ డబ్బు పెట్టడానికి మాత్రం ఇప్పుడు కారణం కనపడదు. కిందటి పదేళ్ళలో అందరూ దానివైపే పరిగెత్తారు కాబట్టి ఆ సీటు ధర పెరిగింది. ఆ ధర ఇంకా దిగలేదు, ఉద్యోగాలు దిగాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ సీట్లు చాలాచోట్ల మిగిలిపోతున్నాయి. పిల్లవాడికి మోటార్లు, వైరింగు అంటే ఇష్టముంటే చవకగా వస్తున్నప్పుడు తీసుకోవడానికి సిగ్గెందుకు?

కాలం బాగాలేదని ఒక ఏడాది ఆపితే?

ర్యాంకు కోసం లాంగ్‌టర్మ్ (ఏడాది కోచింగ్) అయితే ఒకసారి సరే. మార్కెట్ బాగుపడుతుందని మాత్రం ఆపకండి. చదువు నాలుగేళ్ళు, మార్కెట్ ఈలోగా రెండుసార్లు పడి లేస్తుంది.

మామూలు డిగ్రీకి ఇప్పుడు విలువ ఉందా? బీఎస్సీ, బీకాం అంటే నవ్వుతారు.

నవ్వేవాళ్ళు మీ ఫీజు కట్టరు. గ్రూప్స్‌కైనా, బ్యాంకు పరీక్షకైనా అడిగేది ఏదో ఒక డిగ్రీ. 15 లక్షలతో చదివిన డిగ్రీకి, ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో చదివిన బీఏకి ఆ ఫారంలో ఒకటే గడి. తిరుపతిలో ఉండి ఈ సంగతి మనం మర్చిపోతాం. దేవస్థానం వాళ్ళ ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ 1945 నుంచి ఉంది, ఎస్వీ యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. గోవిందరాజస్వామి కాలేజీ, ఆడపిల్లలకు పద్మావతి కాలేజీ ఊళ్ళోనే ఉన్నాయి. చిత్తూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. బయటి పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుకుంటుంటే, మనం లక్షలు మూటగట్టుకుని చెన్నై పోతున్నాం.

కానీ చవక డిగ్రీ తీసుకుని మూడేళ్ళు క్లాసుకు పోకుండా తిరిగితే చవక డిగ్రీయే మిగులుతుంది. కంప్యూటర్‌లో ట్యాలీయో, ఎక్సెలో, ఇంగ్లీషులో తడబడకుండా నాలుగు మాటలో, ఏదో ఒకటి పక్కన గట్టిగా రావాలి. టీచరు కావాలనుకునేవాళ్ళు ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి, నిజమే. దానికి ముందు పోస్టులు నింపిన డీఎస్సీ 2018లోది. మధ్యలో ఆ ఏడేళ్ళు ఏం తిన్నారో కూడా అడగాలి కదా.

పాలిటెక్నిక్, ఐటీఐ చదివితే చుట్టాల్లో చిన్నతనం కాదా?

అవుతుందేమో. శ్రీసిటీలో ఏసీలు, కార్లు, మెట్రో రైలు బోగీలు తయారవుతున్నాయి. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉన్నాయి. అక్కడ లైన్ మీద పనికి డిప్లొమా, ఐటీఐ పిల్లలు కావాలి. జీతాలు మొదట్లో తక్కువే, షిఫ్టులు కష్టమే, దాచిపెట్టి చెప్పను. కానీ అప్పు లేకుండా పంతొమ్మిదేళ్ళకు సంపాదన మొదలవుతుంది. డిప్లొమా మూడేళ్ళు, తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. మొత్తం ఆరేళ్ళు. ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు కలిపినా ఆరే. దారిలో ఒక డిప్లొమా అదనంగా చేతిలో ఉంటుంది. కార్పొరేట్ ఇంటర్ కాలేజీ ఫీజు మిగులుతుంది, అది ఎంతో మీకే బాగా తెలుసు.

ఐఐటీ ఫీజు చాలా ఎక్కువంట కదా, మనలాంటి వాళ్ళు కట్టగలరా?

మన తిరుపతికి 2015లోనే ఐఐటీ, ఐసర్ (సైన్సు చదువుల కేంద్ర సంస్థ) రెండూ వచ్చాయి, ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఉన్నాయి. "అక్కడ లక్షలంట" అని ఫారం కూడా వేయించనివాళ్ళు ఉన్నారు. ఐఐటీ బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకు పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ఎవరికైనా పూర్తి మాఫీ, 1 నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంకె చూడగానే భయపడకండి, మినహాయింపులు కూడా చదవండి.

అయితే ఖరీదైన కాలేజీ ఎప్పుడూ దండగేనా?

కాదు. కొన్నిచోట్ల మంచి ల్యాబులు, గట్టి సీనియర్లు, పెద్ద కంపెనీల రాకపోకలు నిజంగానే ఉంటాయి. చిత్తూరు పిల్లలు వేలూరు వైపు ఎగబడేది ఊరికే కాదు. అప్పు లేకుండా కట్టగలిగితే, కట్టాక కూడా ఇంట్లో ఒక జబ్బుకో, ఒక పెళ్ళికో డబ్బు మిగిలి ఉంటే, పంపండి. ఇంకో చెల్లెలు ఇంటర్‌లో ఉండి, అన్న సీటుకు పొలం అమ్ముతున్నారంటే మాత్రం ఆగండి. ఆ చెల్లెలికి ఏం మిగులుతుందో ఎవరూ అడగరు, ఆ పిల్ల కూడా అడగదు.

ఆడపిల్లకు అంత ఖర్చు ఎందుకు? ఎట్లాగూ పెళ్ళి చేయాలి కదా.

ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కట్నానికని చీటీ వేసి దాచిన డబ్బు మీద ఈ లెక్కలేవీ వేయరు. దానికి ఎంత తిరిగొస్తుంది, ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉందా అని ఒక్కరూ అడగరు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. అమ్మాయికి చదువు మీద పెట్టండి, అదీ తక్కువ ఖర్చులో మంచిచోట.

విదేశాల్లో ఎమ్మెస్, లేదంటే ఎంబీబీఎస్?

ఎమ్మెస్‌కు 40, 50 లక్షల అప్పుతో పోయేవాళ్ళు అక్కడి ఉద్యోగం మీదే తీర్చాలి. అది ఆ దేశపు వీసా నియమాల మీద ఆధారపడి ఉంటుంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ (అక్కడ ఉద్యోగం చేసే వీసా) దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించింది. ఒక సంతకంతో లెక్క తారుమారు. ఇల్లు తాకట్టు పెట్టి పోయే రోజులు ఇవి కావు.

విదేశీ ఎంబీబీఎస్‌కు చేరే ముందు రెండు సంగతులు చూడండి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలని మన మెడికల్ కమిషన్ 2021లో నిబంధన పెట్టింది. తిరిగొచ్చాక ఇక్కడి పరీక్ష పాస్ కావాలి. ఏజెంటు ఈ రెండూ చివర చెబుతాడు, లేదంటే చెప్పడు.

సీటు బ్లాక్ చేయడానికి అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టొచ్చా?

మా అక్క కొడుక్కి నేనే కట్టించి మోసపోయాను, అందుకే ఇది వివరంగా చెబుతాను. ఒక కాలేజీ వాళ్ళు "ఈరోజే ఆఖరు, రేపు సీటు ఉండదు" అన్నారు. 25 వేలు కట్టాం. ఇంటర్ ఒరిజినల్ మార్కుల మెమో కూడా తీసుకున్నారు. ఇరవై రోజులకు వాడికి కన్వీనర్‌లో మంచి సీటే వచ్చింది. వెనక్కి అడగడానికి నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ "సార్ మీటింగ్‌లో ఉన్నారు". ఊరందరికీ నియమాలు చెప్పేవాణ్ణి, నా పనికొచ్చేసరికి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఐదోసారి యూజీసీ (యూనివర్సిటీలకు నియమాలు పెట్టే కేంద్ర సంస్థ) నోటిఫికేషన్ ప్రింటు తీసుకుని పోయాను. మెమో ఆరోజే ఇచ్చారు. డబ్బులో 10 వేలు కోసుకున్నారు.

2018 యూజీసీ నోటిఫికేషన్ ఇట్లా ఉంది. ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజులు గానీ అంతకంటే ముందు గానీ మానుకుంటే ఐదు శాతం లోపు, అదీ 5 వేలకు మించకుండా, ఖర్చు కింద పట్టుకుని మిగిలిన ఫీజంతా వెనక్కి ఇవ్వాలి. ఆలస్యమయ్యే కొద్దీ 90, 80, 50 శాతం. ఆఖరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. అడ్వాన్స్ కట్టక తప్పకపోతే రసీదు తీసుకోండి, ఒరిజినల్స్ ఇవ్వకండి.

రెండో ఏడాదిలో ఉన్నాడు, ఇంక కట్టలేకపోతున్నాం. మాన్పించాలా?

మాన్పించే ముందు బ్యాంకుకు వెళ్ళండి. విద్యా రుణం మధ్య ఏడాదిలో కూడా ఇస్తారు, మిగిలిన ఫీజుకే తీసుకోవచ్చు. హాస్టల్ మాన్పించి బయట రూము తీసుకుంటే ఎంత మిగులుతుందో చూడండి. ఈ సంగతి పిల్లవాడికి చెప్పండి. ఇంట్లో పరిస్థితి దాచి, వాడు బ్యాక్‌లాగులు పెట్టుకుంటే తిట్టడం న్యాయం కాదు.

లోను వడ్డీకి టాక్స్ తగ్గుతుందంట?

కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్ళ దాకా మినహాయింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉంటేనే. దీన్ని చూసి అప్పు పెంచుకోకండి.

వెబ్ ఆప్షన్లకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

హాల్ టికెట్, ర్యాంకు కార్డు, పది, ఇంటర్ మెమోలు, ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు. ఆదాయం సర్టిఫికెట్ సచివాలయంలో ముందే తీసుకోండి, ఆఖరి రోజు సర్వర్ పనిచేయదు. ఓటీపీ వచ్చే ఫోను తెచ్చుకోండి. ఆ ఫోను ఇంట్లో అమ్మ దగ్గర ఉంటుంది, ఆమె పాలు పిండుతూ ఉంటుంది, మేమిక్కడ పది నిమిషాలు తెర వైపు చూస్తూ కూర్చుంటాం.

పిల్లవాణ్ణి కూడా తీసుకురండి. తండ్రి, మేనమామ, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయి ముగ్గురూ వచ్చి ఆప్షన్లు పెట్టి పోతుంటారు, చదివేవాడు మాత్రం ఇంట్లో ఉంటాడు. పోయినసారి అట్లా వచ్చినాయన్ని, "మీవాడికి ఏ బ్రాంచి ఇష్టం?" అని అడిగాను. ఆయన బయటికి పోయి ఫోను చేసి, తిరిగొచ్చి కుర్చీ లాక్కుని, "మళ్ళా మొదట్నించి పెడదాం సామీ" అన్నాడు.